ఫర్నేస్ డోర్‌కు వాటర్ కూల్డ్ ఫ్రేమ్: లెక్క నుంచి రిపేరు దాకా

రోలింగ్ మిల్లులో బిల్లెట్లు (స్టీలు దిమ్మెలు) వేడి చేసే ఫర్నేస్ లోపల 1200 నుంచి 1250 డిగ్రీల వేడి ఉంటుంది. ఇటుక గోడ ఆ వేడిని తట్టుకుంటుంది. డోర్ దగ్గర మాత్రం ఆ గోడను తెంచి, అంచుల్ని స్టీలుతో పట్టి ఉంచాలి. డోర్ తెరిచిన ప్రతిసారీ మంట, రేడియేషన్ నేరుగా ఆ అంచు మీదే పడతాయి. మామూలు స్టీలు 500 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, 600 దాటాక పొలుసులు లేచి రాలుతుంది. ఫ్రేమ్ వంగితే డోర్ సరిగ్గా మూసుకోదు. ఆ సందులోంచి మంట బయటికొచ్చి పక్కనున్న గోడనూ తినేస్తుంది. అందుకే ఫ్రేమ్‌ను బోలుగా చేసి లోపల నీళ్లు తిప్పుతారు.

ఈ పనిలో ఒక్క సూత్రం బుర్రలో ఉంటే మిగతా నిర్ణయాలన్నీ దాని వెంటే వస్తాయి: ఫ్రేమ్ కాలేది వేడి ఎక్కువున్న చోట కాదు, నీళ్లు ఆగిన చోట. పగిలిన ఫ్రేమ్‌ను కోసి చూస్తే చిల్లు పడిన చోటికి వెనక గాలి చిక్కుకునే మూలో, మడ్డి పేరుకునే గుంటో, నీళ్లు దగ్గరిదారి చూసుకుని వదిలేసిన భాగమో కనిపిస్తుంది.

ఉదాహరణకు 1250 డిగ్రీల రీహీటింగ్ ఫర్నేస్‌లో 1200 మి.మీ. వెడల్పు, 800 మి.మీ. ఎత్తు ఉన్న డోర్‌ను తీసుకుందాం. కింద గడప, పక్కన రెండు నిలువులు, పైన అడ్డపట్టె. ఇంట్లో గుమ్మానికి ఉండే భాగాలే. ఇక్కడి కొలతలు ఈ డోర్ కోసం వేసినవి. మీ డోర్‌కు లెక్క మీరు మళ్లీ వేసుకోవాలి. ఇంకో మాట: కరిగిన లోహం ఉండే మెల్టింగ్ ఫర్నేస్‌కు ఈ పద్ధతిని తీసుకెళ్లకండి. కారిన నీళ్లు కరిగిన లోహం కిందికి చేరితే పేలుడే. అక్కడి డిజైన్ నియమాలు వేరు.

1. ముందు అవసరమో కాదో చూడండి

నీళ్లతో చల్లబరచడం ఊరికే రాదు. మన ఉదాహరణలో నీళ్లు సగటున 60 కిలోవాట్ల వేడిని పట్టుకుపోతాయి, అంటే గంటకు సుమారు 51,600 కిలోక్యాలరీలు. ఫర్నేస్ ఆయిల్ కిలోకు దాదాపు 10,000 కిలోక్యాలరీలు ఇస్తుంది. అందులో సగం పొగగొట్టంలోంచి పోతుందనుకుంటే, ఈ ఒక్క ఫ్రేమ్ కోసమే గంటకు 10 కిలోల ఆయిల్ మండించాలి.

కాబట్టి హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్‌ల లాగా 900 డిగ్రీల లోపు నడిచే వాటికి, వేడిని తట్టుకునే అలాయ్ కాస్టింగ్ ఫ్రేమ్ వేసి ముందు క్యాస్టబుల్ (వేడిని తట్టుకునే కాంక్రీటు) పోస్తే చాలాసార్లు సరిపోతుంది. 1100 దాటి, డోర్ గంటకు పదేపదే తెరుచుకునే చోట నీళ్లు తప్పవు. అక్కడ కూడా స్టీలు ఎంత తక్కువగా లోపలికి కనిపిస్తే అంత మంచిది.

2. వేడి ఎంత పడుతుందో లెక్కేయండి

1250 డిగ్రీలంటే 1523 కెల్విన్. ఆ వేడిలో నల్లని ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 305 కిలోవాట్లు వెదజల్లుతుంది. 1200 దగ్గర అది 267, 1000 దగ్గర 149. ఉష్ణోగ్రత కొంచెం పెరిగితే రేడియేషన్ ఎంత పెరుగుతుందో ఈ మూడు అంకెల్లోనే తెలుస్తుంది.

ఫ్రేమ్ మొత్తం మీద ఈ 305 పడదు. ఫర్నేస్ వైపు ముఖాన్ని క్యాస్టబుల్‌తో కప్పేస్తాం. మిగిలేది డోర్ గొంతు, అంటే తెరిచిన ఖాళీ చుట్టూ ఉన్న లోపలి ముఖం. అది ఫర్నేస్‌ను ఏటవాలుగా చూస్తుంది కాబట్టి సగం కన్నా తక్కువే అందుకుంటుంది. సగటున చదరపు మీటరుకు 100 కిలోవాట్లు తీసుకుందాం.

గొంతు చుట్టుకొలత 4 మీటర్లు, లోతు 150 మి.మీ., వైశాల్యం 0.6 చదరపు మీటర్లు. వేడి 60 కిలోవాట్లు. దీనికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 కిలోవాట్లకు డిజైన్ చేద్దాం. క్యాస్టబుల్ ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, మంట ఎప్పుడో ఒకప్పుడు పక్కకు తిరుగుతుంది. ఆ రోజుల కోసమే ఈ అదనం.

నీళ్ల లెక్కకు ఒక సులువైన అంకె గుర్తుపెట్టుకోండి: గంటకు 1 ఘనపు మీటరు నీళ్లు 1 డిగ్రీ వేడెక్కితే 1.16 కిలోవాట్లు మోసుకెళ్లినట్టు. గంటకు 12 ఘనపు మీటర్లు తిప్పితే 90 కిలోవాట్లకు నీళ్లు ఆరున్నర డిగ్రీలు వేడెక్కుతాయి. మామూలు రోజుల్లో నాలుగైదు డిగ్రీల తేడానే కనిపిస్తుంది. ఇంత తక్కువ తేడాకు ఇన్ని నీళ్లెందుకని అనిపించవచ్చు. ఇక్కడ నీళ్లు కావలసింది వేడి మోయడానికి మాత్రమే కాదు, వేగం కోసం కూడా.

3. నీళ్ల దారి గీయండి: అసలు డిజైన్ ఇదే

చాలా వర్క్‌షాపుల్లో ఫ్రేమ్ అంటే నాలుగు బాక్సులు అతికించి, కింద ఒక నిప్పుల్ (పైపు తగిలించే పొట్టి గొట్టం), పైన ఒక నిప్పుల్ పెట్టేయడం. అలాంటి బాక్సులో నీళ్లు నిండి ఉంటాయి గానీ కదలవు. ఇన్‌లెట్ నుంచి అవుట్‌లెట్‌కు సులువైన దారిలో వెళ్లిపోతాయి, మిగతాచోట్ల నిలవ ఉంటాయి. నిలవ నీళ్లలో వేడి ముఖం (గొంతు వైపు ప్లేటు) మీద ఆవిరి బుడగలు పుడతాయి, ఆ బుడగ వెనక స్టీలు ఎండిపోయి కాలుతుంది.

వేడి ముఖం వెనక నీళ్లు సెకనుకు కనీసం ఒక మీటరు, వీలైతే ఒకటిన్నర మీటరు వేగంతో పోవాలి. ఆ వేగంలో బుడగలు నిలవవు, సన్నని మడ్డి కూడా దిగదు. అందుకే బాక్సును బ్యాఫిల్ ప్లేట్లతో (లోపలి అడ్డుగోడలతో) సన్నని పాయలుగా విడగొట్టాలి.

మన ఫ్రేమ్‌ను మధ్యలో నిలువునా రెండుగా విభజించండి: ఎడమ సగం, కుడి సగం. వేటి నీళ్లు వాటివే. ప్రతి సగానికీ ఇన్‌లెట్ గడప మధ్యలో, అవుట్‌లెట్ అడ్డపట్టె మధ్యలో. మొత్తం నీళ్లను ఒకే జాకెట్‌లోకి (నీళ్లు తిరిగే బోలు భాగంలోకి) పంపి, లోపల వాటంతట అవే రెండు వైపులకూ సమానంగా చీలతాయని అనుకోవద్దు. ఒకవైపు కొంచెం మడ్డి చేరినా నీళ్లన్నీ రెండో వైపుకు మళ్లుతాయి, బయటి అవుట్‌లెట్ చూసినవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు.

ఒక్కో సగంలో జాకెట్ లోపలి వెడల్పు 150 మి.మీ., లోతు 25 మి.మీ. రెండు 8 మి.మీ. బ్యాఫిల్ ప్లేట్లు పెడితే ఒక్కోటి దాదాపు 45 మి.మీ. వెడల్పున్న మూడు పాయలు వస్తాయి. పాయ వైశాల్యం 1125 చదరపు మి.మీ. గంటకు 6 ఘనపు మీటర్లు అందులోంచి పోతే వేగం సెకనుకు దాదాపు ఒకటిన్నర మీటరు. నీళ్లు ముందుగా ఫర్నేస్‌కు దగ్గరగా ఉన్న పాయలో పైకి ఎక్కి, మధ్య పాయలో కిందికి దిగి, బయటి పాయలో మళ్లీ పైకి ఎక్కి బయటికి వస్తాయి. అన్నిటికన్నా చల్లని నీళ్లు అన్నిటికన్నా వేడి చోట పడతాయి.

మూడే ఎందుకు? పాయల సంఖ్య బేసి అయితేనే కింద మొదలైన నీళ్లు పైన ముగుస్తాయి. అవుట్‌లెట్ అన్నిటికన్నా ఎత్తున ఉంటే గాలి దానంతట అదే బయటికి పోతుంది, పంపు ఆగినా జాకెట్ ఖాళీ కాదు. రెండు పాయలు పెడితే అవుట్‌లెట్ కిందికి వస్తుంది, అడ్డపట్టెలో గాలి చిక్కుకుంటుంది. మూడు పాయల్లో కూడా పైన మలుపు తిరిగే మూలలో గాలి నిలవవచ్చు. అక్కడ బ్యాఫిల్ ప్లేటు పై అంచున 5 మి.మీ. రంధ్రం ఒకటి వేయండి. కొద్దిగా నీళ్లు దగ్గరిదారిలో పోతాయి, పర్వాలేదు.

ఈ దారిలో ఒత్తిడి నష్టం సుమారు 0.2 బార్, అంటే 2 మీటర్ల నీటి ఎత్తు. ఈ అంకె చిన్నగా ఉండటం మనకు పెద్ద వరం, ఎమర్జెన్సీ ట్యాంకు దగ్గర పనికొస్తుంది.

4. ప్లేటు ఎంచుకోవడం, కోయడం, వెల్డింగ్

"మందం ప్లేటు వేస్తే ఎక్కువ కాలం వస్తుంది" అనే మాట ఇక్కడ తప్పు. చదరపు మీటరుకు 100 కిలోవాట్లు ప్లేటులోంచి పోతున్నప్పుడు 10 మి.మీ. కార్బన్ స్టీలు ప్లేటుకు ఇటూ అటూ తేడా దాదాపు 22 డిగ్రీలు. 20 మి.మీ. ప్లేటుకు 44. తేడా పెరిగితే లోపలి ఒత్తిళ్లు పెరిగి ప్లేటు త్వరగా చిట్లుతుంది. వేడి ముఖానికి 10 మి.మీ. చాలు, 12 దాటొద్దు.

స్టెయిన్‌లెస్ స్టీలు వేద్దామని కూడా కొందరు అడుగుతారు. దాని వేడి ప్రసరణ కార్బన్ స్టీలులో మూడో వంతే. వ్యాకోచం దాదాపు ఒకటిన్నర రెట్లు. నీళ్లలో క్లోరైడు ఉంటే పగుళ్ల భయం అదనం. ఖర్చు పెట్టి కష్టం కొనుక్కోవడమే. బాయిలర్ క్వాలిటీ ప్లేటు, అంటే ఐఎస్ 2002 లేదా ఏ516 గ్రేడ్ 70 దొరికితే మొదటి ఎంపిక అదే. దొరక్కపోతే టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న ఐఎస్ 2062 ప్లేటు తీసుకోండి. పొరలు విడిపోయే లోపం ఉందేమో అల్ట్రాసోనిక్‌తో చూపించుకోండి. ప్లేటు మధ్యలో పొర విడిపోయి ఉంటే ముఖం మీద పడిన వేడి అవతలి నీళ్ల దాకా చేరదు. సర్టిఫికెట్ లేని స్క్రాప్ ప్లేటు ఇక్కడ వద్దు.

వెల్డింగ్ అతుకులు వీలైనంతవరకు వేడి ముఖం మీద రాకూడదు. అందుకే ప్లేటును యు ఆకారంలో వంచి, యు అడుగు భాగాన్ని గొంతు వైపు పెడతాం. మూత ప్లేటు, దాని అతుకులు గోడ వైపు, చల్లని చోట ఉంటాయి. 10 మి.మీ. ప్లేటుకు 25 మి.మీ. అంచు ప్రెస్ బ్రేక్‌లో వంగదు. పొడవు అంచుతో వంచి, తర్వాత కోసుకోవాలి. వంపు లోపలి వ్యాసార్ధం ప్లేటు మందానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా చూడండి.

నాలుగు మూలల దగ్గర 45 డిగ్రీల అతుకు మాత్రం వేడి ముఖం మీదకి వస్తుంది, తప్పదు. అక్కడ అంచులు బెవెల్ చేసి (ఏటవాలుగా కోసి), రూట్ పాస్ అంటే అడుగు పొర టిగ్ వెల్డింగ్‌తో, మిగతాది ఇ7018 ఎలక్ట్రోడ్‌తో పూర్తి లోతు వెల్డింగ్ చేయించండి. ఎలక్ట్రోడ్లు ఓవెన్‌లో ఎండబెట్టినవే వాడాలి. పైన ఉబ్బును గ్రైండ్ చేసి సమం చేసి, డై పెనిట్రంట్ పరీక్ష (పగుళ్లను రంగుతో బయటపెట్టేది) చేయాలి.

పని వరుస: యు ముక్కలు మూలల దగ్గర కలపడం, ఎడమ కుడి సగాల మధ్య అడ్డుప్లేట్లను చుట్టూ నిండా వెల్డ్ చేయడం, బ్యాఫిల్ ప్లేట్లను యు అడుగుకు రెండు వైపులా వెల్డ్ చేయడం, లోపల స్లాగు, రాడ్డు ముక్కలు ఊడ్చి తీయడం, ఫొటో తీసి పెట్టుకోవడం, చివరికి మూత వేయడం. ఆ ఫొటో రిపేరు రోజున బంగారం. మూత ప్లేటుకు బ్యాఫిల్ ప్లేట్ల ఎదురుగా స్లాట్లు కోసి, బయటి నుంచి స్లాట్ వెల్డ్ చేయాలి. లేకపోతే మూతకూ బ్యాఫిల్‌కూ మధ్య సందులోంచి నీళ్లు పాయలు దాటిపోతాయి. డోర్ గైడ్లు, లిఫ్టింగ్ కొక్కేలు, ఫ్రేమ్‌ను బిగించే లగ్గులు అన్నీ ఇప్పుడే వెల్డ్ చేయండి. పరీక్ష అయ్యాక జాకెట్‌ను ఎవరూ ఆర్క్‌తో తాకకూడదు.

ఇన్‌లెట్, అవుట్‌లెట్‌లకు 40 మి.మీ. పైపు సరిపోతుంది. ప్రతి సగానికీ గడప మీద అన్నిటికన్నా కింద ఒక డ్రెయిన్ ప్లగ్, మూత వైపు కెమెరా పట్టేంత ఇన్‌స్పెక్షన్ ప్లగ్ ఒకటి పెట్టండి. ఈ ప్లగ్గులు లేని ఫ్రేమ్‌ను కొనొద్దు.

5. పరీక్ష

ప్రతి సగాన్నీ విడిగా నీళ్లతో నింపి, గాలి పూర్తిగా తీసి, 6 బార్ దగ్గర అరగంట ఉంచండి. పని ఒత్తిడి 3 బార్ దాటదు కాబట్టి ఇది చాలినంత. ఎడమ సగానికి ఒత్తిడి పెట్టినప్పుడు కుడి సగం ఖాళీగా, తెరిచి ఉంచండి. మధ్య అడ్డుప్లేటు కారితే అప్పుడే బయటపడుతుంది. గాలితో ఒత్తిడి పరీక్ష చేయొద్దు, పగిలితే ముక్కలు ఎగురుతాయి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకో పరీక్ష ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం: ప్రవాహ పరీక్ష. వర్క్‌షాపులోనే ఫ్రేమ్‌ను నిలబెట్టి, పంపు తగిలించి, గంటకు 6 ఘనపు మీటర్లు పంపి ఒత్తిడి నష్టం కొలవండి. లెక్కలో వచ్చిన 0.2 బార్‌కు దగ్గరగా ఉండాలి. బాగా తక్కువ వస్తే నీళ్లు ఎక్కడో బ్యాఫిల్ దాటిపోతున్నాయి, బాగా ఎక్కువ వస్తే లోపల ఏదో అడ్డం పడి ఉంది. తర్వాత వేడినీళ్లు పంపి, థర్మల్ కెమెరాతో చూడండి. పాయలు వరుసగా వేడెక్కడం తెరమీద కనిపిస్తుంది, చల్లగా మిగిలిపోయిన మచ్చ ఏదైనా ఉంటే నీళ్లు కదలని చోటు అదే. రెండు సగాల అంకెలూ రాసి ఫ్రేమ్ ఫైల్లో పెట్టండి. ఏళ్ల తర్వాత లోపల గార (నీళ్లలోని సున్నం గట్టిపడిన పొర) పట్టిందో లేదో తేల్చేది ఈ అంకెలే.

6. బిగించడం, క్యాస్టబుల్ పోయడం

ఫ్రేమ్ బరువును ఫర్నేస్ షెల్ (బయటి స్టీలు తొడుగు), బక్‌స్టేలు (దాన్ని పట్టి ఉంచే స్తంభాలు) మోయాలి, ఇటుకలు కాదు. నడిచేటప్పుడు ఫ్రేమ్ 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, పొడవు మిల్లీమీటరు కూడా పెరగదు. దాని చుట్టూ ఉన్న క్యాస్టబుల్ మాత్రం బాగా వ్యాకోచిస్తుంది. కాబట్టి ఫ్రేమ్‌కూ క్యాస్టబుల్‌కూ మధ్య 10 మి.మీ. సెరామిక్ ఫైబర్ పొర పెట్టండి. బోల్టు రంధ్రాలు స్లాట్లుగా ఉండాలి, పైవైపు బోల్టులు మరీ బిగించకూడదు.

ఫర్నేస్ వైపు ముఖానికి 310 గ్రేడ్ స్టెయిన్‌లెస్ వి ఆకారపు యాంకర్లు (క్యాస్టబుల్‌ను పట్టి ఉంచే కడ్డీలు) వేసి, 60 శాతం అల్యూమినా క్యాస్టబుల్ పోయండి. యాంకర్ల కొనలకు పోసే ముందు ప్లాస్టిక్ టోపీలు గానీ బిటుమెన్ పూత గానీ వేస్తే, వేడికి అది కరిగి యాంకర్ సాగడానికి చోటు మిగులుతుంది. క్యాస్టబుల్ ఆరబెట్టేటప్పుడు కూడా ఫ్రేమ్‌లో నీళ్లు తిరుగుతూనే ఉండాలి. ఫ్రేమ్ చల్లగా ఉన్నచోట క్యాస్టబుల్ తేమ ఆలస్యంగా పోతుంది, అందుకే 110 నుంచి 150 డిగ్రీల మధ్య తయారీదారు చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువసేపు ఉంచండి.

7. పైపులు: ప్రాణాలు కాపాడే భాగం

రెండు సగాల్లో కలిపి ఉండే నీళ్లు దాదాపు 13 లీటర్లే. పంపు ఆగి ప్రవాహం నిలిచిపోతే, 60 కిలోవాట్ల వేడికి ఆ నీళ్లు నిమిషంలోపే మరగడం మొదలవుతాయి. ఆవిరిగా మారిన నీరు దాదాపు 1600 రెట్లు చోటు అడుగుతుంది. దారి మూసి ఉంటే ఫ్రేమ్ బాంబు అవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే కింది నియమాలు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

వాల్వు ఇన్‌లెట్ వైపు మాత్రమే. అవుట్‌లెట్ వైపు మూసే వాల్వు పెట్టొద్దు. ఏ కారణంగానైనా పెట్టాల్సి వస్తే దానికీ ఫ్రేమ్‌కూ మధ్య సేఫ్టీ వాల్వు ఉండి తీరాలి. చిన్న, మధ్యతరహా మిల్లులకు నేను చెప్పేది తెరిచి ఉన్న గరాటు అవుట్‌లెట్: ప్రతి సగం నుంచీ నీళ్లు అందరికీ కనిపించేలా ఒక గరాటులో పడాలి. ఎవరు నడిచి వెళ్లినా ధార సన్నబడిందా, ఆవిరి వస్తోందా అన్నది కంటికే తెలుస్తుంది. ప్రతి అవుట్‌లెట్‌కూ ఫ్లో స్విచ్, నీళ్ల వేడి కొలిచే పీటీ100 సెన్సార్ కూడా ఉండాలి. 50 డిగ్రీలకు అలారం, 60 డిగ్రీలకు బర్నర్ల ట్రిప్ (వాటంతట అవే ఆగిపోవడం). ప్రవాహం తగ్గితే ఫ్లో స్విచ్ నేరుగా బర్నర్లకు ఇంధనం ఆపాలి.

ఎమర్జెన్సీ నీళ్లు మనిషి వచ్చి వాల్వు తిప్పే పద్ధతిలో ఉండకూడదు, నిమిషం కూడా వ్యవధి లేదు. 8 నుంచి 10 మీటర్ల ఎత్తున 6000 లీటర్ల ట్యాంకు పెట్టి, నాన్ రిటర్న్ వాల్వు ద్వారా ఇన్‌లెట్ హెడర్‌కు (రెండు సగాలకూ నీళ్లు పంచే పైపుకు) కలపండి. పంపు ఒత్తిడి ఉన్నంతసేపు ఆ వాల్వు మూసుకుని ఉంటుంది, ఒత్తిడి పడిపోగానే తనంతట తెరుచుకుంటుంది. మన ఫ్రేమ్ నష్టం 2 మీటర్లే కాబట్టి పైపుల నష్టం పోను ఆ ఎత్తు సరిపోతుంది. 6000 లీటర్లు పూర్తి ప్రవాహంతో అరగంట వస్తాయి. ఆలోపు డీజిల్ పంపు నడవాలి. బర్నర్లు ఆపినా ఇటుకల్లో దాగిన వేడి గంటల తరబడి ఫ్రేమ్ మీదకు వస్తూనే ఉంటుందని మరవద్దు. నెలకోసారి కరెంటు ఆపి, ట్యాంకు నీళ్లు నిజంగా వస్తున్నాయో లేదో చూడాలి. ఎన్నాళ్లుగానో కదలని నాన్ రిటర్న్ వాల్వు తుప్పుతో బిగుసుకుపోతుంది.

8. నీళ్లు

హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో బోరు నీళ్ల కాఠిన్యం లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు ఉండటం మామూలే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా మంచివి, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. తాగడానికి ఒప్పుకున్నారు కదా అని ఫ్రేమ్‌కు పనికొస్తాయనుకోవద్దు. నీళ్లు వేడెక్కేకొద్దీ కాల్షియం కార్బొనేట్ కరిగే గుణం తగ్గి, అన్నిటికన్నా వేడి గోడ మీదే గారగా పేరుకుంటుంది.

ఆ గార ఎంత నష్టం చేస్తుందో చూడండి. శుభ్రమైన ఫ్రేమ్‌లో నీళ్లు 40 డిగ్రీలుంటే వేడి ముఖం దాదాపు 80 దగ్గర ఉంటుంది. గార వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. ఒక్క మిల్లీమీటరు పడితే ముఖం ఇంకో 100 డిగ్రీలు, రెండు మిల్లీమీటర్లు పడితే 200 డిగ్రీల దాకా పెరగవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అవుట్‌లెట్ ఉష్ణోగ్రత మామూలుగానే ఉంది కాబట్టి గార లేదనుకుంటారు. రేడియేషన్ ఫర్నేస్ వేడిని బట్టి వస్తుంది. 1250 డిగ్రీల ఫర్నేస్ ముందు, స్టీలు ముఖం 80 దగ్గరున్నా 280 దగ్గరున్నా అది అందుకునే వేడిలో తేడా ఒకటి రెండు శాతమే. ఆ వేడి చివరికి నీళ్లలోకే వస్తుంది. కాబట్టి ప్లేటు కాలిపోయే దాకా అవుట్‌లెట్ థర్మామీటర్ ఏమీ చెప్పదు. గారను పట్టించేది ఒత్తిడి నష్టం, ప్రవాహం. అదే వాల్వు స్థితిలో ప్రవాహం తగ్గుతూ వస్తుంటే, వర్క్‌షాపులో రాసుకున్న అంకెలు తీసి పోల్చండి.

సాఫ్ట్‌నర్‌తో కాఠిన్యం తీసిన నీళ్లు, ముందు ఒక స్ట్రెయినర్ (జల్లెడ), కూలింగ్ టవర్ నుంచి క్రమం తప్పక బ్లోడౌన్ (ఉప్పులు చేరిన నీళ్లు కొంత వదిలేయడం): ఈ మూడూ తప్పనిసరి. నీళ్లు మరీ చల్లగా ఉండటం కూడా మంచిది కాదు. ఫర్నేస్ పొగలో తేమ చల్లని ఫ్రేమ్ మీద చెమటలా పడుతుంది. ఫర్నేస్ ఆయిల్‌లోని గంధకం దానికి తోడైతే స్టీలును బయటి నుంచి తింటుంది. ఫర్నేస్ మొదలుపెట్టేటప్పుడు కనిపించే తడి చాలాసార్లు ఈ చెమటే, లీకు కాదు. చెమట ముఖమంతా పరుచుకుని ఉండి వేడెక్కగానే పోతుంది. లీకు ఒకే చోట ఉంటుంది, పోదు.

9. వెలిగించడం, ఎమర్జెన్సీ

ముందు నీళ్లు, తర్వాత మంట. రెండు ధారలూ కంటితో చూసి, ఫ్లో స్విచ్‌లు పరీక్షించాకే బర్నర్ వెలిగించాలి. ఆపేటప్పుడు ముందు మంట, లోపల 100 డిగ్రీల లోపుకు వచ్చాకే నీళ్లు. శనివారం సాయంత్రం ఫర్నేస్ ఆపి, షిఫ్ట్ అయిపోయిందని పంపు కూడా ఆపేస్తే సోమవారానికి ఫ్రేమ్ వంకరపోతుంది.

ధార ఆగిపోయిందని గమనించిన వెంటనే బర్నర్లు ఆపి, డోర్ ముందు నుంచి అందరినీ తప్పించాలి. ట్యాంకు నీళ్లు వెంటనే అందుకుంటే సరే. ఫ్రేమ్ ఎండిపోయి, కొన్ని నిమిషాలు గడిచి, వేడికి రంగు మారి కనిపిస్తే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చల్లని నీళ్లు పంపొద్దు. ఎర్రని జాకెట్‌లోకి వచ్చిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఇన్‌లెట్ వాల్వు మూసి, అవుట్‌లెట్ తెరిచే ఉంచి, ఫర్నేస్‌తో పాటే చల్లారనివ్వాలి. ఫ్రేమ్ పోతే పోయింది. ఎండిపోయిన ఫ్రేమ్‌లోకి నీళ్లు పంపొద్దన్న ఈ మాటను తెలుగులో, అవసరమైతే హిందీ, ఒడియాల్లో కూడా రాసి, ఫర్నేస్ పక్కన బోర్డు పెట్టండి. అక్కడ పనిచేసేవాళ్లు చదవగలిగే భాష కావాలి.

10. గార తీయడం, రిపేరు, మార్చడం

ప్రవాహం మొదటి అంకె కన్నా 15 శాతం తగ్గితే గార తీసే సమయం వచ్చినట్టు. ఫర్నేస్ పూర్తిగా చల్లారాక, ఇన్హిబిటర్ (స్టీలును యాసిడ్ తినకుండా కాపాడే మందు) కలిపిన పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ లేదా సల్ఫామిక్ యాసిడ్‌ను చిన్న పంపుతో కింది నుంచి పైకి తిప్పాలి. ఇన్హిబిటర్ లేకుండా యాసిడ్ పోస్తే గారతో పాటు ప్లేటునూ తినేస్తుంది. లోపల హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి వెంట్ తెరిచి ఉండాలి, దగ్గర్లో వెల్డింగ్, బీడీ రెండూ వద్దు. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకోవాలి. నురగ ఆగాక సోడా యాష్ నీళ్లతో తటస్థం చేసి, మంచినీళ్లతో కడిగి, డ్రెయిన్ ప్లగ్ తీసి మడ్డి ఊడ్చేయండి. వాడిన యాసిడ్‌ను తటస్థం చేయకుండా డ్రైనేజీలో వదలకూడదు.

సన్నని చిల్లు పడితే బయటి నుంచి వెల్డ్ చేసి మూసేయడం అందరికీ అలవాటు. మూత వైపైతే ఫర్వాలేదు: నీళ్లు తీసేసి, ప్లగ్గులు తెరిచి, లోపల ఆవిరి ఒత్తిడి చేరకుండా చూసుకుని చేయవచ్చు. వేడి ముఖం మీదైతే ఆ చిల్లు ఒక్కటే సమస్య కాదు, దాని వెనక నీళ్లు ఆగుతున్నాయని అర్థం. మూత కోసి లోపల చూడకుండా బయట అతికిస్తే, కొన్ని వారాల్లో అతుకు పక్కనే మళ్లీ కారుతుంది.

ఏడాదికోసారి షట్‌డౌన్‌లో వేడి ముఖం మందాన్ని అల్ట్రాసోనిక్ గేజ్‌తో నాలుగు మూలల దగ్గర, అడ్డపట్టె మధ్యలో, గడప మధ్యలో కొలవండి. 10 మి.మీ. ప్లేటు ఎక్కడైనా 7 మి.మీ.కు వచ్చిందంటే కొత్త ఫ్రేమ్‌కు ఆర్డర్ పెట్టే సమయమే. స్పేర్ ఫ్రేమ్‌ను ప్రవాహ పరీక్ష చేసి, లోపల ఆరబెట్టి, నిప్పుళ్లకు మూతలు వేసి స్టోర్‌లో ఉంచండి. మూతలు లేకుండా పెడితే బల్లులు, మట్టి, గుడ్డముక్కలు చేరి, బిగించిన మొదటి రోజే ఒక పాయ మూసుకుపోతుంది.